తొమ్మిదో నియమం

ద్రాక్షవల్లి దైవశాస్త్ర కళాశాల,
ఆదిలాబాద్,
3 ఏప్రిల్ 1961

క్రీస్తునందు ప్రియ సోదరులు శ్రీ ఎం. జీవరత్నం, బి.ఎ. గారికి వందనాలు.

బి.డి. కోర్సుకు మీరు పంపిన దరఖాస్తు చేరింది. బి.ఎ. అయ్యాక పాదిరి పని చేయదలచిన వారికి ఇది పెద్ద చదువని మీకు తెలిసే ఉంటుంది. మీ మార్కులు బాగున్నాయి. ఈ చదువు ఎందుకు కోరుతున్నారో రాసిన వ్యాసం మరీ కుండబద్దలు కొట్టినట్టు ఉన్నా, తప్పులు లేవు.

ఒక్క లోపం ఉంది. పెండ్లయిందని రాసి, సతీమణి వివరాలు ఖాళీగా వదిలేశారు. మా తొమ్మిదో నియమం ప్రకారం పెండ్లయిన విద్యార్థి ఒంటరిగా రాకూడదు. చదువు సాగినంత కాలం జీవిత భాగస్వామి మా గృహిణుల తరగతిలో కుట్టు, వంట, కీర్తనలు నేర్చుకోవాలి. కనుక ఆమె ఆరోగ్యం, కంఠస్వరం, సూది పని ఎలాంటివో వెంటనే తెలపగలరు.

ప్రభువు సేవలో,
డి. అంబదాస్, కార్యదర్శి

తా.క.: ఆమెకు హార్మోనియం వస్తే మరీ సంతోషం. అయితే ఆమె తనదే తెచ్చుకోవాలి. ఇక్కడిది ఎలుకలు కొరికాయి.

సుల్తానాబాద్,
10 ఏప్రిల్ 1961

కార్యదర్శి గారికి వందనాలు.

అయ్యా, మీరు నన్ను సోదరులన్నారు. నేను సోదరిని, ఇక్కడి బడిలో టీచరును. కొడుకు పుడతాడని మా బాపు ముందే జీవరత్నం అని పేరు అనుకున్నాడట. నేను పుట్టాను. అంత మంచి పేరు పారేయడమెందుకని నాకే పెట్టాడు.

కాబట్టి నాకు సతీమణి లేదు, భర్త ఉన్నాడు. మీ తొమ్మిదో నియమానికి నేను కట్టుబడి ఉన్నాను గనుక ఆయన వివరాలు రాస్తున్నాను. పేరు అంతయ్య. బియ్యం మిల్లులో ఇంజను చూస్తాడు. ఆరోగ్యం దివ్యంగా ఉంది, ఆయన పళ్ళెం ముందు కూర్చుంటే మా అత్త బాలవ్వ తన వాటా ముందే తీసి పెట్టుకుంటుంది. కంఠస్వరం సంగతి దాచను. ఆయన పాడిన పూట పక్కింటి బర్రె పాలు చేపదు. సూది పని అంటారా, దబ్బనంతో గోనె సంచుల మూతులు కుడతాడు. ఆ కుట్టు విప్పాలంటే కత్తి కావాలి.

ఆయనను అడిగాను. "నువ్వు సదువుకో. నేను రైకెలు కుట్టుడు నేర్సుకుంట. ఇంజినే ఇప్పి బిగిస్తున్న, రైకె ఎంత?" అన్నాడు. ఇక మీకు అభ్యంతరం ఉండదనుకుంటాను.

ఇట్లు,
ఎం. జీవరత్నం

తా.క.: "మొగోడు రైకెలు కుడితే నా మొఖం ఏడ వెట్టుకోవాలె?" అని మా అత్త రెండు రోజులు అన్నం తినలేదు. మొదటి రైక ఆమెకే అన్నాను. ఇప్పుడు రంగు ఎంచుతున్నది.

ఆదిలాబాద్,
19 ఏప్రిల్ 1961

శ్రీమతి జీవరత్నం గారికి వందనాలు.

పొరపాటుకు మన్నించండి. అయితే మీరు అంతకంటే పెద్ద పొరపాటు చేస్తున్నారు. మా కళాశాలలో స్త్రీలెవరూ ఇంతవరకు బి.డి. చదవలేదు. చదివినా ఏ సంఘం వారు మిమ్మల్ని ప్రసంగ పీఠం ఎక్కనిస్తారు?

కమిటీ వారు దయతో ఒక దారి చూపారు. అంతయ్యగారిని బి.డి.కి దరఖాస్తు చేయమనండి. ఆయన వెంట మీరు గృహిణుల తరగతికి రండి. ఎలాగూ ఇద్దరూ ఇక్కడే ఉంటారు గదా, ఎవరు ఏ గదిలో కూర్చుంటే ఏమి?

ప్రభువు సేవలో,
డి. అంబదాస్

తా.క.: బర్రె సంగతి కమిటీకి చదివి వినిపించాను. అధ్యక్షులు నవ్వలేదు. నేను దగ్గు వచ్చినట్టు బయటికి వెళ్ళవలసి వచ్చింది.

సుల్తానాబాద్,
25 ఏప్రిల్ 1961

కార్యదర్శి గారికి వందనాలు.

ఎవరు ఏ గదిలో కూర్చుంటే ఏమి అని మీరే రాశారు. నేనూ అదే అంటున్నాను.

అంతయ్య నిజాం కాలంలో ఉర్దూ నాలుగో తరగతి దాకా చదివాడు. ఆయనకు గ్రీకు, హీబ్రూ నేర్పగలిగితే మీకు దండం పెడతాను. నాకైతే కుట్టు ముందే వచ్చు. దాని కోసం ఆదిలాబాద్ దాకా రానక్కరలేదు.

నేనెందుకు వస్తానంటున్నానో వినండి. మా సంఘానికి పాదిరి గారు రెండు మూడు నెలలకోసారి సైకిలు మీద వస్తారు. పోయిన వానాకాలం కూలికి పోయే పోశవ్వ చంటిబిడ్డ చనిపోయింది. వాగు పొంగి ఆయన రాలేకపోయారు. బొంద దగ్గర నేనే నిలబడి ప్రార్థన చేశాను. "ఆడిదానివి, నీకు గా హక్కు ఎవలిచ్చిండ్రు?" అని సంఘం పెద్ద నాగయ్య అడ్డం వచ్చాడు. "మరి నువ్వు చెయ్యి" అంటే వెనక్కి జరిగాడు. ఆయనను గెలవడం ఎంతసేపు? కానీ ఇంటికి వచ్చాక పోశవ్వ నా చెయ్యి పట్టుకొని, "బాప్తిస్మం గాకముందే పాయె గద టీచరమ్మా, నా బిడ్డను దేవుడు లోపలికి రానిస్తడా?" అని అడిగింది. రానిస్తాడన్నాను. ఎందుకు రానిస్తాడో చెప్పలేకపోయాను. నా మీద నాకే కోపం వచ్చింది, ఇంకా పోలేదు. ఆ జవాబు తెలుసుకోవడానికి చదువుతాను. ఎవరు పీఠం ఎక్కనిస్తారో తరువాత చూసుకుంటాను.

స్త్రీలు రాకూడదని మీ నియమాల్లో ఎక్కడ రాసి ఉందో చూపండి. చూపలేకపోతే సీటు ఇవ్వండి.

ఇట్లు,
ఎం. జీవరత్నం, బి.ఎ. (బి.ఎ. నాదే, నా భర్తది కాదు)

తా.క.: అధ్యక్షులు నవ్వలేదని బాధపడకండి. బర్రె కూడా నవ్వలేదు.

ఆదిలాబాద్,
9 మే 1961

శ్రీమతి జీవరత్నం గారికి,

చాలా అర్జెంటు. మీ భర్త పోయిన వారం సోమవారం పొద్దున ఇక్కడికి వచ్చి గృహిణుల తరగతిలో కూర్చున్నారు. లేవమంటే లేవడం లేదు. అధ్యక్షులు స్వయంగా వెళ్ళి చెప్పారు. "నా పెండ్లానికి సీటియ్యుండ్రి, లేస్త. లేకుంటె కుట్టు నేర్సుకుంట. మీ రూలే గద" అని చాప మీద ఇంకాస్త సర్దుకొని కూర్చున్నారు.

మొదటి రోజు ఆడవాళ్ళు సిగ్గుపడి గుమ్మం బయటే ఉన్నారు. ఇప్పుడు చాయ్ తెచ్చి ఇస్తున్నారు. ఆయన ఒక చంటిపిల్ల గౌను కూడా కుట్టారు. ఎడ్లను కట్టి లాగినా చినగదు, కాకపోతే తల దూర్చడానికి సందు లేదు.

పరువు పోతున్నది. దయచేసి ఆయనను వెనక్కి పిలిపించుకోండి.

డి. అంబదాస్

తా.క.: నిన్న కీర్తనల తరగతిలో ఆయన పాడారు. మీరు ముందే చెప్పారు, నేనే నమ్మలేదు.

సుల్తానాబాద్,
13 మే 1961

కార్యదర్శి గారికి వందనాలు.

ఇంజను బెల్టు కొనడానికి మంచిర్యాల పోతున్నానని చెప్పి వెళ్ళాడు. మిల్లు ఆగిపోయి దాని యజమాని జైపాల్‌రావు దొర రోజూ మా ఇంటికి మనిషిని పంపుతున్నాడు. బెల్టు ఇంకా దొరకలేదట అని చెబుతున్నాను.

మీ ఉత్తరం చదివి ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. పెండ్లయిన నాటి నుంచి ఆయన నన్ను అడగకుండా చేసిన మంచి పని ఇదొక్కటే. నేను పిలవను. మీకు చాతనైతే లేపుకోండి.

ఇట్లు,
ఎం. జీవరత్నం

తా.క.: తిండికి లోటు చేయకండి. ఆకలైతే ఇంకా గట్టిగా పాడతాడు.

ఆదిలాబాద్,
29 మే 1961

ప్రియ సోదరి జీవరత్నం గారికి వందనాలు.

పోయిన వారం కమిటీ కూర్చుంది. స్త్రీలు రాకూడదన్న మాట నియమాల్లో ఎంత వెదికినా దొరకలేదు. రాసి ఉంచాలని ఎవరికీ తోచనే లేదు. అప్పుడు మీ ఉత్తరం తీసి పోశవ్వ అడిగిన మాట మళ్ళీ చదివాను. కమిటీలో అందరూ పాదిరులే. ఒక్కొక్కరూ తమ బైబిళ్ళు తెరిచి వెదికారు. అధ్యక్షులు తన బైబిలు మూసి, "ఆమెను రానివ్వండి, ఆమెతో పాటు మనమూ వెదుకుదాం" అన్నారు. బి.డి.లో మీకు సీటు ఇచ్చాం. జూన్ నెలాఖరుకు రండి.

అయితే వ్యవహారం అక్కడితో ఆగలేదు. మీ భర్త పక్కన కూర్చున్న ఆడవాళ్ళు ఆయన ఎందుకొచ్చారో అడిగి తెలుసుకున్నారు. ఇప్పుడు తామూ చదువుతామంటున్నారు. చదువు తక్కువైన వారు ముందు మెట్రిక్ చెప్పమంటున్నారు. బి.ఎ. అయిన ఆమె ఒకరు నేరుగా బి.డి.కే దరఖాస్తు ఇచ్చి, మీ ఉత్తరంలోని వాక్యాలే నాకు అప్పజెప్పారు. ఆమె పేరు లీలాబాయి. నా భార్య. పెండ్లి నాటికే ఆమె బి.ఎ. అన్న సంగతి నేను మరచిపోయాను. ఆమె మరచిపోలేదు.

ఆమెకూ సీటు వచ్చింది, మీ పక్కనే కూర్చుంటుంది. తొమ్మిదో నియమం నుంచి నాకు మినహాయింపు ఇవ్వమని అర్జీ పెట్టుకున్నాను. రాసింది నువ్వే గదా అని కమిటీ వారు కొట్టేసి, వెంటనే వెళ్ళి కూర్చోమన్నారు.

ప్రభువు సేవలో,
డి. అంబదాస్,
కార్యదర్శి, గృహిణుల తరగతి విద్యార్థి

తా.క.: మీకు సీటు వచ్చినా, రూలు రూలే అని అంతయ్యగారు లేవలేదు. నాకు ఆయన పక్కనే చోటిచ్చారు. ఆయన నాతో సరిగా మాట్లాడటం లేదు. పొద్దున సూదిలో దారం ఎక్కించి పెట్టమని బతిమాలాను. "పెద్ద సదువులు సదివిండ్రు గద సారూ, మీరే ఎక్కియ్యుండ్రి" అన్నారు.