ఖాళీ సిలిండర్

అక్కకు,

నీ చెల్లెలు నమస్కరించి రాయడం. నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారనుకుంటాను. ఇక్కడ నా ఒంటికి ఏ లోటూ లేదు. మనసు సంగతి కింద రాస్తాను.

నీ ఉత్తరం అంది పది రోజులైంది, ఆలస్యానికి తిట్టుకోకు. గది మారానా అని అడిగావు. మారలేదు. కిటికీ తలుపు ఇప్పటికీ సరిగా పడదు, అట్టముక్క దోపి పడుకుంటున్నాను. మోకాలి వ్యాయామం మానేశానని రాశావు. మళ్ళీ మొదలుపెట్టు.

తన బస్సు వదిలిన పొగతోనే బస్సు నడపొచ్చా అని బావగారు అడిగారు కదా. సూత్రప్రకారం నడపొచ్చని చెప్పు. పొగలోని కార్బన్ డయాక్సైడుకు హైడ్రోజన్ కలిపి, బాగా వేడెక్కిన లోహపు పొడి మీదుగా పంపితే ఇంధనవాయువులు తయారవుతాయి. పెళ్ళి కుదిర్చి పక్కకు తప్పుకునే పెద్దమనిషిలాగా, ఆ పొడి మాత్రం ఖర్చు కాదు. నేను చేసిన పొడి మిగతావాళ్ళ దానికి మూడింతలు ఇంధనం ఇస్తుందని పత్రికలో వస్తే, నువ్వు ఆ కాగితం అద్దం పక్కన అంటించావట. తీసెయ్యి అక్కా.

మా ల్యాబులో కొత్తగా ఒక అమ్మాయి చేరింది. సన్నగా, గబగబా తిరుగుతుందని అందరం పిచ్చుక అంటాం. నా ప్రయోగాన్నే మళ్ళీ చేసి చూడడం తన పని. ఎన్నిసార్లు చేసినా నాకు వచ్చినదాంట్లో మూడో వంతే వచ్చేది. ప్రొఫెసరుగారు అందరి ముందూ, "నీకు చేతిపని రాదు" అన్నారు. పాపం, తిండి మానేసింది. ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "నేనెక్కడ తప్పు చేస్తున్నానో చూడండక్కా" అంది.

చూశాను. పొడి తయారుచేసేటప్పుడు రేణువులు ముద్దకట్టకుండా ఒక నూనె వాడతాం. తర్వాత దాన్ని కడిగెయ్యాలి. పిచ్చుక ఆరుసార్లు కడుగుతోంది. నేను కడిగింది రెండుసార్లు.

నాకు అక్కడే అంతా తెలిసిపోయింది అని రాస్తే అబద్ధమవుతుంది. అంతకు ఎనిమిది నెలల ముందే తెలుసు. ఒకరోజు ప్రయోగం మధ్యలో చూస్తే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఖాళీ. పొద్దుటి నుంచీ ఒట్టి హైడ్రోజనే పోతోంది. అయినా కంప్యూటర్లో ఇంధనం గీత ఎప్పటిలాగే పైకి లేచింది, గింజ వెయ్యని మడిలో మొలకలా. కడగని నూనె వేడికి విరిగి ఇంధనంగా వస్తోందన్నమాట. ఆ పొడి గురించి పత్రికకు వ్యాసం పంపడానికి రెండు వారాలే ఉన్నాయి. ఆ గ్రాఫును చెరిపేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు పిచ్చుకతో, "అంతగా కడగకు, పొడి పాడవుతుంది" అన్నాను.

అక్కా, రాయడానికి చెయ్యి రాని మాట ఇదే. గ్రాఫు చెరిపినప్పుడు నేనొక్కదాన్నే చెడ్డాను. ఈసారి ఆ పిల్ల చేత కూడా అబద్ధం చేయించాను, తనకు తెలియకుండా. వారంలో తన గీతా లేచింది. కాగితం పట్టుకుని పరిగెత్తుకొచ్చి, "నా చేతులు మంచివేనక్కా" అంది.

మర్నాడు పొద్దున్నే ప్రొఫెసరుగారికి అంతా చెప్పాను. ఆయన అరవలేదు. ఎప్పటినుంచి తెలుసని మాత్రం అడిగారు. తర్వాత కార్బన్ డయాక్సైడ్ కట్టేసి తన ఎదుటే ప్రయోగం చేయించారు. గీత లేచింది. కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాం. అందుకోసం పత్రికకు పంపే ఉత్తరంలో తప్పు నాదొక్కదానిదేనని రాసి సంతకం పెట్టాను. నెలాఖరుకి నేను ల్యాబు వదిలెయ్యాలి.

పిచ్చుకకు నేనే చెప్పాను. ఏడవలేదు. "అయితే ముందు నాకు వచ్చినవే నిజమా?" అంది.

"అవే నిజం."

"మరి కడగొద్దని ఎందుకు చెప్పారు?"

అప్పటినుంచి నన్ను మేడమ్ అంటోంది.

వచ్చే నెల మొదటివారంలో నీ దగ్గరికి వస్తాను. ఒక్కటే అడుగుతున్నాను. నన్ను చూడగానే జాలిపడి "పోనీలే" అనకు. నువ్వంటే నేను నిజంగానే పోనిచ్చేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

ఇట్లు,
నువ్వు పెంచిన
చెల్లెలు