ఆ తెల్ల బండి వద్దక్కా

కోదాడ,
గురువారం

ప్రియమైన రూతక్కకు,

ప్రభువు పేరిట నీకూ బావకూ తమ్ముడు సైమన్ వందనాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. వేళకింత తింటున్నాను, జ్వరం గిరం ఏమీ లేదు. బావ కాళ్ళ వాపు తగ్గిందా? సోమవారం డయాలసిస్ అయ్యాక ఆటోలో మళ్ళీ వాంతి చేసుకున్నాడని విన్నాను. నా మేనకోడలు మేరీ పరీక్షలు బాగా రాస్తోందా? నువ్వు తింటున్నావా? ఆ ఇంట్లో నిన్ను ఈ మాట అడిగేవాళ్ళు లేరని తెలుసు, అందుకే అడుగుతున్నాను.

చేతిలో ఫోను పెట్టుకొని వీడు ఉత్తరం రాయడమేమిటని అనుకుంటావు. మీ ఇంట్లో ఫోను మోగితే ముందు ఎత్తేది నీ మరిది దానియేలు. ఇక్కడ నేను మాట్లాడితే మా ఓనరు చెవి నా పక్కనే ఉంటుంది. పైగా ఇది బావ వింటుండగా చెప్పే మాట కాదు. సుగుణత్త కూతుర్ని చూడ్డానికి కోదాడ వచ్చింది, రేపు పొద్దున బస్సుకు తుంగతుర్తి వస్తోంది. ఈ కాగితం నీ చేతిలోనే పెట్టమన్నాను. ముందు నువ్వొక్కదానివే చదువు.

అసలు సంగతి ముందే రాసేస్తున్నాను. ఆదివారం దానియేలు బావ మీ ఇంటికి తోలుకొచ్చే ఆ తెల్ల బండి కొనొద్దు. ఇచ్చిన అడ్వాన్సు పోతే పోనీ. చర్చి ముందు బండి నిలబెట్టి అయ్యగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారని సంఘమంతా అనుకుంటున్నారని నాకు తెలుసు. నలుగురిలో తల ఎత్తుకోలేమని నువ్వు బాధపడతావు. పడినా సరే, వద్దు.

"బాగుందని నువ్వే చెప్పినవ్ గద తమ్మీ" అంటావు. అవును, నేనే చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియాలంటే నేనిక్కడ చేసే పని నీకు సరిగ్గా తెలియాలి. ఇన్నాళ్ళూ నీకు సగమే చెప్పాను.

మన ఊళ్ళో బోరు ఎండిపోయి నా సర్వీసింగ్ షెడ్డు మూసేసి ఇక్కడికొచ్చినప్పుడు, పాత కార్లు అమ్మే యార్డులో కడిగే పని అని చెప్పాను. అది నిజమే. పొద్దున ఆరింటికి పైపు పట్టుకుంటే ఎండ నెత్తికెక్కేదాకా కడగడమే. షాంపూ నీళ్ళకు చేతి వేళ్ళ సందులు పగిలిపోయాయి, అన్నంలో కారం కలిపితే మంట. సుగుణత్త మళ్ళీ ఇటు వచ్చేటప్పుడు ఒక సీసాలో కాస్త ఆముదం పంపు. రేకుల గదిలో ముగ్గురం ఉంటాం. ఒకడిది మునగాల వైపు, ఇంకొకడిది మిర్యాలగూడ దగ్గర వేములపల్లి. కోదాడ మెస్సులో కూరలు మనవాటిలా ఉండవు, అన్నిట్లో చింతపండు పులుసు తెగ పోస్తారు. నేను మాట్లాడితే ఇక్కడివాళ్ళు "ఏంటయ్యా, ఇంకోసారి చెప్పు" అని నవ్వుతారు. మొదట్లో నేనూ నవ్వేవాణ్ణి. ఇప్పుడు పనుంటేనే నోరు తెరుస్తున్నాను. ఆదివారాలు మరీ కష్టంగా ఉంటుందక్కా. చర్చికి వెళ్ళి వెనక బల్ల మీద కూర్చొని, ఎవరూ పలకరించకముందే లేచి వచ్చేస్తాను.

చెప్పని సగం ఇప్పుడు చెప్తాను. మా ఓనరు పనివాళ్ళను ఒకే ఊరి నుంచి తెచ్చుకోడు. ఒక్కో వైపు నుంచి ఒక్కొక్కణ్ణి పెట్టుకుంటాడు. మిర్యాలగూడ వైపు కొనేవాళ్ళొస్తే వేములపల్లి వాణ్ణి పిలుస్తాడు. సూర్యాపేట అవతలి నుంచి, తుంగతుర్తి వైపు నుంచి ఎవరైనా వస్తే నన్ను పిలుస్తాడు. "మీ వాడే ఉన్నాడండీ, నన్నెందుకు అడుగుతారు, వాణ్ణే అడగండి" అంటాడు. నేను చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మంచిగుంటదన్నా, నేను దగ్గరుండి సూసిన" అనాలి. మన యాస వినపడగానే వాళ్ళ మొహం తేటపడుతుంది. మెకానిక్‌ను తెచ్చుకుందామనుకున్నవాళ్ళు కూడా మానేస్తారు. నా జీతంలో సగం కడిగినందుకు, సగం ఆ ఒక్క మాటకు.

దానియేలు బావ పోయిన నెల యార్డుకు వచ్చి ఆ తెల్ల బండి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. "సంఘంల ఇంత పెద్ద బండి ఎవ్వరికి లేదు సైమన్" అని దాని మీద చెయ్యి వేసి ఫొటో దిగాడు. నేను పక్కకు పిలిచి మాట్లాడదామనుకునేలోపే ఓనరు మీకు ఫోను కలిపి స్పీకర్ పెట్టేశాడు. "చెప్పవయ్యా సైమన్, అక్కగారు అడుగుతున్నారు" అన్నాడు. నువ్వు, "తమ్మీ, బండి మంచిదేనా?" అన్నావు. వెనక నుంచి బావ గొంతు వినిపించింది. "మధ్యల ఆగకపోతే సాలు సైమన్, ఇంకేం వద్దు నాకు" అన్నాడు. ఆయన గొంతు అంత సన్నగా అయిపోయిందని నాకప్పుడే తెలిసింది. ఓనరు నా కళ్ళలోకే చూస్తున్నాడు. "మంచిదే అక్కా" అన్నాను. అంతే. ఫోను పెట్టేశాక దానియేలు బావ నా భుజం తట్టి, "నువ్వు సూసినవంటే ఇగ మేం సూసేదేముంది" అన్నాడు. ఆయనకు ఓనరు ఏమైనా ఇస్తున్నాడా అంటే నేను చూడలేదు కాబట్టి రాయను.

ఆ బండి వరదలో మునిగిన బండి అక్కా. పోయిన వానాకాలం తర్వాత లారీ మీద వేసుకొని తెచ్చారు. స్టీరింగు దాకా బురద. నేనే కడిగాను. సీట్లన్నీ విప్పి ఎండబెట్టాను, కింద కార్పెట్ పీకేసి కొత్తది వేశాను, వాసన పోయేదాకా నాలుగు రోజులు తలుపులు తీసిపెట్టి సెంటు కొట్టాను. ఇప్పుడు చూస్తే పెళ్ళికూతురిలా ఉంటుంది. కానీ నీళ్ళు వైర్లలోకి దిగితే అది కడిగితే పోయేది కాదు. ఫ్యూజు డబ్బాలో పచ్చగా చిలుము పట్టి ఉంది. ఒక రోజు బాగానే తిరుగుతుంది, ఇంకో రోజు ఉన్నట్టుండి అన్నీ ఆరిపోతాయి. నా మాట మీద నమ్మకం పోయి ఉంటుంది కాబట్టి నువ్వే చూసుకో. బండి వస్తే వెనక సీటు బెల్టును చివరిదాకా, ఇంక రాదనేదాకా లాగు. ఆఖరి జానెడు మీద మట్టి గీత ఉంటుంది. దాన్ని నేనెంత రుద్దినా పోలేదు.

పెద్ద బండే ఎందుకు కావాలంటున్నారో నాకు తెలియక కాదు. సీటు ఎత్తుగా ఉంటే బావ వంగకుండా ఎక్కుతాడు, తిరిగొచ్చేటప్పుడు వెనక కాళ్ళు చాపుకొని పడుకుంటాడు. ఆ కోరికలో తప్పేమీ లేదు. కానీ మీ దగ్గరున్న డబ్బుకు నిఖార్సయిన ఎస్‌యూవీ రాదక్కా. ఈ ధరలో మా యార్డుకు వచ్చేవన్నీ నేను చూస్తూనే ఉన్నాను. ట్యాక్సీకి తిప్పి మీటరు వెనక్కి తిప్పినవి, గుద్దుకొని అతుకులేసినవి, లేదా ఇదిగో, ఇలాంటివి. ఆ డబ్బుకే డిక్కీ ఉన్న మామూలు కారు అయితే మంచిది దొరుకుతుంది. మా గదిలో ఉండే వేములపల్లి అతని మేనమామ మిర్యాలగూడలో రైసు మిల్లు గుమస్తా. ఆయన దగ్గర బూడిద రంగు సెడాన్ ఒకటి ఉంది. మొదటి నుంచీ ఆయనే నడిపాడు, ఇంటి నుంచి మిల్లుకు, మిల్లు నుంచి ఇంటికి. సర్వీసు చీటీలన్నీ ఒక సంచిలో దాచుకున్నాడు. పోయిన ఆదివారం చర్చి మానేసి వెళ్ళి చూసొచ్చాను. చల్లారిన ఇంజను ఒక్క తాళం తిప్పుడుకే స్టార్ట్ అయింది. ఏసీ వేసి గంటన్నర ఊరంతా తిప్పాను, వేడి చూపే ముల్లు సగం దాటలేదు. పైన రంగు వెలిసిపోయింది, ఒక తలుపుకు సొట్ట ఉంది. చూసినవాళ్ళు ముసలి కారు అంటారు, దానియేలు బావ మొహం ముడుచుకుంటాడు. సీటు కిందికి ఉంటుంది కాబట్టి బావ కింద మందపాటి దిండు వెయ్యాలి. దాని సామాను సూర్యాపేటలో ఏ షాపులోనైనా దొరుకుతుంది, ఏ మెకానిక్ అయినా బాగుచేస్తాడు. ఇది కూడా నా మాట మీద కొనకు. సూర్యాపేట నుంచి నీకు నచ్చిన మెకానిక్‌ను తీసుకెళ్ళి చూపించుకొని కొను.

ఇక్కడితో ఆపుదామనుకున్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకొని, మళ్ళీ తీశాను.

ఆ తెల్ల బండిని నేను రెండుసార్లు కడిగానక్కా.

దాన్ని మా యార్డులో మొదట కొన్నది సూర్యాపేట అవతలి పల్లెకు చెందిన మనిషి. నా వయసే ఉంటుంది. భార్యకు నెలలు నిండుతున్నాయి, దవాఖానకు వెళ్ళడానికి ఇంట్లో బండి ఉండాలని కొన్నాడు. ఓనరు నన్ను పిలిచాడు. నేను చేతులు తుడుచుకుంటూ వెళ్ళి, చెప్పాల్సిన మాట చెప్పాను. క్రిస్మస్ ముందు ఆమెకు నొప్పులొస్తే వెనక సీట్లో పడుకోబెట్టి సూర్యాపేటకు బయల్దేరారు. అటూ ఇటూ పొలాలే ఉన్న చోట బండి ఆగిపోయింది. లైట్లు లేవు, హారన్ లేదు, అద్దాలు దిగలేదు, వెనక తలుపులు తెరుచుకోలేదు. ఆమెను ముందు సీటు మీదుగా బయటికి లాగారట. ఇంకో బండి దొరికేసరికి చాలా ఆలస్యమైపోయింది. ఆమె బతికింది. బిడ్డ దక్కలేదు.

పెద్దమనుషులు కూర్చొని ఏదో తెగ్గొట్టారు, ఓనరు బండి వెనక్కి తీసుకున్నాడు. కొత్త వైర్లు అక్కడక్కడా వేయించాడు. వెనక సీటు మీద మరకలున్నాయి, కడగమని నాకు చెప్పాడు. నేను కడుగుతుంటే ఆ మనిషి కాగితాల మీద సంతకానికి వచ్చి, నా దగ్గరకు నడిచాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన సీటు వంక చూశాడు, పైపు వంక చూశాడు. "అన్నా, మంచిగుంటదని నువ్వే అంటివి గదా" అన్నాడు. తిట్టలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు. నేను పైపును మళ్ళీ సీటు మీదికి తిప్పాను. ఆయన వెళ్ళిపోయాడు. నేను సీటు కడగడం పూర్తిచేశాను. ఆ సాయంత్రం మెస్సుకు వెళ్ళి అన్నం కూడా తిన్నాను. తర్వాత ఇన్ని నెలలు అదే యార్డులో, అదే జీతానికి పనిచేశాను. ఇంకో ఇద్దరు ముగ్గురికి బాగుందనే చెప్పాను.

బావ డయాలసిస్ అయి తల వాలేసి వస్తున్నప్పుడు, ఎండలో, అద్దాలు దిగని ఆ బండిలో మీరు ఉంటే ఎలా ఉంటుందో వారం రోజులుగా అదే కనపడుతోంది. అందుకే రాస్తున్నాను.

దానియేలు బావ ఎందుకు వద్దంటున్నావని గట్టిగా అడుగుతాడు. రంగు నచ్చలేదనో, మైలేజీ రాదనో సాకులు వెతుక్కోకు. నా పేరే చెప్పు, ఈ ఉత్తరమే చూపించు. ఓనరుకు తెలిస్తే నన్ను వెళ్ళగొడతాడు, వెళ్ళగొట్టనీ. పెట్టె సర్దుకొనే ఉన్నాను. అయ్యగారికి కూడా చూపించు. మన వైపు నుంచి ఇంకెవరైనా కోదాడకు బండి కోసం బయల్దేరితే, అక్కడ సైమన్ ఏం చెప్పినా నమ్మొద్దని చెప్పమను.

అయ్యగారికీ అమ్మగారికీ, మన వాడలో పెద్దలందరికీ నా వందనాలు. మేరీని అడిగానని చెప్పు. బావకు మాత్రం నా మొహం చూపించే ధైర్యం వచ్చాక నేనే వచ్చి చెప్పుకుంటాను.

నా కోసం ప్రార్థన చెయ్యమని ప్రతిసారీ అడుగుతాను. ఈసారి ఆ బిడ్డ తల్లి కోసం చెయ్యి. ఆమె పేరు నాకు తెలియదు, నేను అడగలేదు. ఆయన నా ముందు నిలబడ్డ రోజు ఈ నిజమంతా నా నోట్లోనే ఉంది, అయినా చెప్పలేదు. నీకు చెప్తున్నాను. నువ్వు నా అక్కవు కాకపోతే నీకూ చెప్పేవాణ్ణి కాదు.

నీ తమ్ముడు
సైమన్