మూసిన కిటికీలు

కడప, శనివారం రాత్రి

నెల్లూరులో స్థిరపడిన బామ్మర్ది ఇవాళ వచ్చాడు. నా పుస్తకాల బీరువాను చూసి నవ్వడం అతనికి పాత అలవాటు. కూలరుకు మొన్ననే కొత్త గడ్డి మార్చి, తొట్టి కడిగి పెట్టాను. అతను ఏసీ గదిలోలాగా కిటికీలన్నీ మూసి దాని ముందు కూర్చున్నాడు. తడిగాలి పోయే దారి లేక గదంతా నెల్లూరులా ఉక్కపోసింది.

“ఏం బావా, ఇన్ని చదివినావు గదా, ఈ డబ్బాతో యాడన్నా చల్లగయితాదా? అక్కకు ఏసీ పెట్టియ్యప్పా!”

కూలరే చాలని ఎప్పుడూ నా పక్షం మాట్లాడే నా భార్య ఈసారి చెమట తుడుచుకుంటూ విసనకర్ర అందుకుంది.

కిటికీ తెరవమంటే సరిపోయేది. నేను అనలేదు. అతని చొక్కా తడిసేదాకా పేపరు చదువుతూ కూర్చున్నాను. హాయిగానే అనిపించింది.

చివరికి ఆమే లేచి కిటికీలు తెరిచింది. కాసేపటికే గది చల్లబడింది. బామ్మర్ది కుర్చీని కూలరుకు ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు.

“వానికి బుద్ధి చెప్పాలని నన్ను గూడా ఉడకబెడితివి గదా” అంది ఆమె, అతను వెళ్లాక.

కూలరు చక్కగా పనిచేస్తోంది. గెలిచింది నేనే. పడుకునే ముందు మాత్రం, ఏసీ ఏ గోడకు పెట్టిస్తావని అడిగింది.