వెనక వరుస టికెట్

మార్చి 3, సోమవారం

వెనక వరుసల టికెట్ రెట్టింపు చేశారు.

కట్టుడు పళ్ళ ల్యాబ్‌లో ఎవరిదో పైపళ్ళ సెట్టు మైనంలో అమరుస్తున్నాను. జేబులో ఫోను ఆగకుండా వణుకుతోంది. తీసి చూస్తే వాట్సాప్ గ్రూపు తగలబడిపోతోంది. ఇరవై ఒకటో తారీఖు నుంచి కొత్త ధర అట. ఆ రోజుకి "ఉప్పు గాలి" మొదలై పదకొండేళ్ళు. అదే హాలు, అదే పాటల నాటకం, పడవ నడిపే ఆడ సరంగు కథ. ఇన్నేళ్ళూ దాన్ని బతికించింది ముందు వరుసల వాళ్ళా? వాళ్ళు ఒక్కసారి చూసి, ఫొటో దిగి వెళ్ళిపోతారు. మళ్ళీ మళ్ళీ వచ్చేది మేము. మా గ్రూపు పేరే "వెనక వరుస".

టైలరమ్మ వాయిస్ మెసేజ్ పెట్టింది. సగం కుట్టుమిషను చప్పుడు, సగం తిట్లు. కండక్టర్ గారు మాత్రం ఒక్కటే అడిగారు, ఇప్పుడేం చేద్దామని. ఆయన బస్సు కండక్టరుగా రిటైరయ్యారు. మొదటి రోజు మొదటి షో చూసిన మనిషి. ఆయన అడిగాక ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. అడ్మిన్‌ని నేను కదా, చెప్పేశాను. ఇరవై ఒకటిన ఎవ్వరం లోపలికి వెళ్ళొద్దు, గేటు బయట నిలబడదాం, ఖాళీ కుర్చీలు చూసైనా బుద్ధొస్తుంది అని రాశాను.

చప్పట్ల బొమ్మలతో స్క్రీన్ నిండిపోయింది. అప్పుడు గానీ చెల్లి గుర్తు రాలేదు.

మార్చి 5, బుధవారం

చెల్లి సంగతి గ్రూపులో ఎవరికీ తెలీదు.

కోరస్‌లో ఎడమ చివర చేపల బుట్ట పట్టుకుని నిలబడే అమ్మాయి అదే. నాలుగేళ్ళుగా అండర్‌స్టడీ కూడా. సరంగు వేషం వేసే పెద్దావిడకి ఒంట్లో బాగోకపోతే ఆవిడ బదులు చెల్లి పాడాలి. పెద్దావిడకి ఎప్పుడూ బాగానే ఉంటుంది. జలుబు కూడా ఆవిణ్ణి చూసి పక్కకి తప్పుకుంటుంది.

ఎందుకు దాచానంటే, చెబితే వాళ్ళు మొహమాటపడతారు. ఎవరు ఎక్కడ శ్రుతి తప్పారో, ఎవరు పాట మధ్యలో దొంగతనంగా ఊపిరి తీసుకున్నారో కడిగేసినట్టు మాట్లాడుకుంటాం. ఆ మాటలు నాకు కావాలి. ఇది చెప్పుకోదగ్గ కారణం. ఇంకోటుంది. అండర్‌స్టడీ అంటే జిరాక్స్ కాపీ అని టైలరమ్మ ఓసారి అంది. నేను నవ్వే బొమ్మ పెట్టాను. ఆ తర్వాత ఏ ముఖంతో చెప్పను?

మార్చి 9, ఆదివారం

టైలరమ్మ షాపులో కూర్చుని బ్యాడ్జీలు చేశాం. గుండ్రంగా కత్తిరించిన పసుపు గుడ్డ, మీద నల్ల దారంతో "ఈ ధరకి రాం". పిన్నీసులు గుచ్చుతూ నాలుగు గంటలు పెద్దావిడ గురించే మాట్లాడుకున్నాం. తుఫాను పాటలో ఆ ఆఖరి స్వరం ఈమధ్య కొంచెం వణుకుతోందని నేనన్నాను. టైలరమ్మ కత్తెర పక్కన పెట్టి నన్ను చూసింది. వణకడం కాదు, అది అనుభవం అంది. కండక్టర్ గారు మా ఇద్దరి మధ్యా టీ గ్లాసులు పెట్టి, షాపులో మారణాయుధాలున్నాయి, నెమ్మదిగా మాట్లాడుకోండి అన్నారు.

మార్చి 14

చెల్లి కాంట్రాక్టు నెలాఖరుతో అయిపోతుంది. పొడిగిస్తారో లేదో మేనేజర్ చెప్పట్లేదట.

మార్చి 18, మంగళవారం

పెద్దావిడ గొంతు పోయింది. మాట కూడా రావట్లేదట. డాక్టరు వారం రోజులు నోరు విప్పొద్దన్నాడు.

ఇరవై ఒకటిన చెల్లి పాడుతుంది.

చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చి చెప్పింది. నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. నేనూ తిరిగాను. పోపు మాడిపోయింది. నా మొహంలో నవ్వు ఎలా ఉందో నాకు తెలీదు. అది గమనించలేదు.

మార్చి 19, బుధవారం

గమనించింది.

పొద్దున్న పళ్ళు తోముకుంటూ అడిగింది, గేటు దగ్గర ఏదో గొడవ చేస్తారట, ఎవరో పనిలేని వాళ్ళు పిలుపిచ్చారట, మీ గ్రూపు వాళ్ళేనా అని. అది నేనే అని చెప్పాను. ఏంటి నువ్వే అంది. పిలుపిచ్చింది నేనే అన్నాను.

బ్రష్షు నోట్లోనే ఉండిపోయింది. తర్వాత చాలా మెల్లిగా మాట్లాడింది. అరిచినా బాగుండేది. ఆపమని నేనడగను అక్కా, ధర పెంచడం తప్పే, మా కోరస్ వాళ్ళు కూడా తిట్టుకుంటున్నారు అంది. కానీ హాలు సగం ఖాళీగా ఉంటే మేనేజర్ టికెట్ ధర గురించి ఆలోచిస్తాడా, ఈ పిల్లకి జనం రారు అనుకుంటాడా? నువ్వే చెప్పు అంది.

షో దాకా గొంతు దాచుకోవాలి, ఇక మాట్లాడను అని గదిలోకి వెళ్ళింది. సాయంత్రం దాకా ఒక్క మాట లేదు. గొంతు దాచుకుంటోందో, నామీద కోపమో తేల్చుకోలేక చచ్చిపోతున్నాను. ల్యాబ్‌లో ఈ రోజు కింది దవడకి పైపళ్ళు పెట్టాను.

మార్చి 20, గురువారం

గ్రూపులో చెప్పేశాను. మధ్యాహ్నం, ప్లాస్టర్ ఆరే లోపు, ఒకే మెసేజ్‌లో. చేపల బుట్ట అమ్మాయి నా చెల్లెలు. రేపు సరంగు తనే. బహిష్కరణ ఆపమని అడగను, వారం వెనక్కి జరుపుదామా అని అడుగుతున్నాను.

చూసిన గుర్తులు ఒక్కొక్కటే నీలంగా మారాయి.

మొదట టైలరమ్మ. ఇన్నాళ్ళూ మా మాటలు మోసుకెళ్ళి ఇంట్లో చెప్పుకుని నవ్వుకున్నారన్నమాట అంది. లేదని రాశాను. మరి మీ ఇంట్లో మనిషి అయితే వాయిదా, మా ఇంట్లో మనిషి అయితే పంతమా అంది. ఎవరో ఒకతను, నాకు టికెట్లు ఉచితంగా వస్తాయి కాబట్టే నిశ్చింతగా పోరాటాలు చేస్తున్నానని రాశాడు. ఒక్కటి కూడా తీసుకోలేదు. ఎవరు నమ్ముతారు?

కండక్టర్ గారు ఫోన్ చేశారు. ఆయన గొంతులో కోపం లేదు, అందుకే ఇంకా భయమేసింది. అమ్మా, మాట ఇచ్చాం, మేం బయటే నిలబడతాం అన్నారు. మీరు లోపలికి వెళ్ళొద్దని నేననను, తోడబుట్టినది. కానీ మమ్మల్ని రమ్మని మాత్రం అడగకండి అన్నారు. నన్ను "మీరు" అన్నప్పుడల్లా నాకు గుచ్చుకుంది. ఇదివరకెప్పుడూ "నువ్వు" అనేవారు.

అడ్మిన్‌షిప్ టైలరమ్మకి ఇచ్చేశాను.

మార్చి 21, శుక్రవారం. ఉదయం 7

చెల్లి వేడి నీళ్ళ గిన్నె మీద తువ్వాలు కప్పుకుని కూర్చుంది. వెళ్ళొస్తా అన్నాను. తువ్వాలు కిందనుంచి చెయ్యి ఊపింది. రమ్మనా, పొమ్మనా?

సాయంత్రం 5

ల్యాబ్ నుంచి ముందే బయల్దేరాను. పసుపు బ్యాడ్జీ పెట్టుకున్నాను. గేటు బయట వాళ్ళతో నిలబడతాను. పిలుపిచ్చిన దాన్ని నేనే లోపలికి పోతే ఇంక మాటకి విలువేముంది. చెల్లికి ఇంట్లో సర్ది చెప్పుకుంటాను. ఇదే నిర్ణయం.

మార్చి 22, శనివారం. ఉదయం

లోపలికి వెళ్ళాను.

అరగంట నిలబడ్డాను వాళ్ళతో. ఎనభై మంది దాకా వచ్చారు. ఎవరూ నాతో మాట్లాడలేదు, ఎవరూ పొమ్మనలేదు. బోర్డు మీద పెద్దావిడ పేరు పైన తెల్ల కాగితం అంటించి ఉంది. ఆ కాగితం మీద చెల్లి పేరు. ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటోంది. దాన్ని సరిచేద్దామని వెళ్ళాను, నిజంగా అందుకే వెళ్ళాను. అతికించాక వెనక్కి రావడానికి కాళ్ళు రాలేదు. పక్కనే బుకింగ్ కిటికీ. లోపలి అమ్మాయికి నేను తెలుసు. ఎక్కడిమ్మంటారక్కా, ఎక్కడైనా ఉన్నాయి అంది. వెనక వరుస అన్నాను. కొత్త ధర కట్టాను. నా వీపు మీద ఎనభై జతల కళ్ళు.

కండక్టర్ గారు గేటుకి అడ్డంగా నిలబడి ఉన్నారు. నన్ను చూసి పక్కకి జరిగారు. అంతే.

హాలు మూడొంతులు ఖాళీ. చెల్లి పడవ మీద నిలబడి వచ్చింది. మొదటి పాట అందుకుంది. పెద్దావిడే! చెయ్యి ఎత్తడం, తల వెనక్కి వాల్చడం, పదం చివర ఊపిరి వదలడం, అన్నీ ఆవిడవే. చెల్లి ఎక్కడా లేదు. తప్పు లేదు, పాటా లేదు. నా పక్క కుర్చీలన్నీ ఖాళీ కాబట్టి ఎవరి మొహమూ చూడాల్సిన పని లేకపోయింది. ఇంటర్వెల్‌కి ముందు ఆఖరి సీనులో తను వెనక వరుస వైపు చూసింది. కళ్ళు ఒక్క క్షణం నా దగ్గర ఆగాయి.

ఇంటర్వెల్లో గేటు దాకా వచ్చాను. కమ్మీలకి అవతల వాళ్ళు, ఇవతల నేను. ఒక్కరూ కదల్లేదు. చివరికి కండక్టర్ గారు ఆకాశం వైపు చూస్తూ, ఎలా పాడుతోంది అన్నారు. ఎవర్ని అడిగారో తెలీనట్టు.

గ్రూపులో ఒకటే రూలు, ఉన్నది ఉన్నట్టు చెప్పడం. చెప్పాను. శ్రుతి ఎక్కడా తప్పలేదు. కానీ అంతా పెద్దావిడని అనుకరిస్తోంది. భయపడుతోంది అన్నాను. వెనకనుంచి ఒకామె, తాడు లాగే చోట ఊపిరి నిలబెట్టిందా అంది. నిలబెట్టింది. వాన పాటలో రెండో చరణం పరుగెత్తిందా? కొంచెం. పదిమంది కమ్మీల దగ్గరికొచ్చేశారు. టికెట్ ధర మాట ఎవరికీ గుర్తు లేదు. టైలరమ్మ అందరికన్నా వెనక నిలబడి చేతులు కట్టుకుని వింటోంది. గంట మోగాక, నేను తిరిగి వెళుతుంటే అరిచింది. సగం దాకా కాపీ కొట్టినవాళ్ళు పరీక్ష తప్పినట్టు కాదు, వెళ్ళు, వెళ్ళు అని.

తర్వాతి భాగంలో చెల్లి వేరే మనిషి.

ఏం జరిగిందో అప్పుడు నాకు తెలీదు. నడకే మారిపోయింది. పాదాలు నేలకి కొట్టి నడిచింది. తుఫాను పాట మొదలైంది. పెద్దావిడ దాన్ని దేవుణ్ణి వేడుకున్నట్టు పాడుతుంది. చెల్లి సముద్రంతో తగువు పెట్టుకుంది. ఒకచోట గొంతు చీలింది కూడా, దాచలేదు. ఆఖరి స్వరం పెద్దావిడలా సాగదీస్తుందేమోనని కుర్చీ చేతులు పట్టుకున్నాను. సాగదీయలేదు. పుటుక్కున తెంపేసి మా వైపు చూస్తూ నిలబడింది. ఆ తర్వాత చప్పట్లు. ఉన్నది కొద్దిమందే, కానీ చేతులు నొప్పెట్టేలా కొట్టారు.

ఇంటికొచ్చాక చెల్లి మూడు రోజుల తర్వాత నాతో మాట్లాడింది. నువ్వు రావనుకున్నాను, వచ్చావు, కళ్ళనీళ్ళు వచ్చాయి అంది. తర్వాత నీ గుండెల మీద చూశాను అంది. పసుపు రంగు, లైటు వెలుగులో స్టేజి దాకా కనబడుతోంది. గేటు దగ్గర అందరూ పెట్టుకున్నదే, ఈ ధరకి రాం అని. నా షోకొచ్చి ఆ బ్యాడ్జీ పెట్టుకుని కూర్చుంటావా అని ఒళ్ళు మండిపోయింది, ఆ మంటతోనే మిగతాదంతా పాడాను అంది.

తీయడం మర్చిపోయాను. దేవుడి మీద ఒట్టు, మర్చిపోయాను.

ఇద్దరం నేల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాం. మధ్యలో అది ఏడ్చింది.

ఏప్రిల్ 4, శుక్రవారం

కాంట్రాక్టు ఆరు నెలలు పొడిగిస్తామన్నారు. పెద్దావిడకి ఇక వారానికో రోజు విశ్రాంతి కావాలట. ప్రతి బుధవారం చెల్లిది.

మధ్యాహ్నం ఇంకో ప్రకటన వచ్చింది. అండర్‌స్టడీ పాడే రోజుల్లో వెనక వరుసల టికెట్ సగం ధర.

రెట్టింపులో సగం అంటే పాత ధరే. గ్రూపు సంబరాల్లో మునిగిపోయింది. గెలిచాం, గెలిచాం. టైలరమ్మ నాకు ఫోన్ చేసింది, ఆ రోజు తర్వాత మొదటిసారి. చూశావా, దిగొచ్చారు, ఇక బుధవారం బుధవారం మనం... అని ఆగిపోయింది. లైన్లో కుట్టుమిషను కూడా ఆగిపోయింది. అయ్యో, పిల్ల చూసిందా అంది.

చూసింది. నటీనటుల తలుపు మీదే అంటించారట. దానికి అర్థం ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. పెద్దావిడ పాడితే ఇంత, నువ్వు పాడితే ఇందులో సగం.

మేం అడిగింది ధర తగ్గించమని. వాళ్ళు తగ్గించారు. ఎవరి ధర తగ్గించాలో వాళ్ళే చూసుకున్నారు.

ఏప్రిల్ 5, శనివారం

సంతకం చెయ్యనంటోంది. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. సోమవారం లోపు చెప్పాలి. చెయ్యమంటే ఆత్మాభిమానం లేనిదాన్ని, వద్దంటే దాని నాలుగేళ్ళూ నీళ్ళలో పోసినదాన్ని. కండక్టర్ గారు, ఆ ప్రకటన తీసెయ్యమని మళ్ళీ గేటు దగ్గర నిలబడదామా అన్నారు. నిలబడితే బుధవారం కూడా ధర రెట్టింపవుతుంది. గ్రూపు రెండుగా చీలింది. కండక్టర్ గారు మళ్ళీ నన్ను "నువ్వు" అన్నారు.

ఏప్రిల్ 7

చేసింది. నాకు చెప్పకుండా, వెళ్ళి చేసొచ్చింది.

ఏప్రిల్ 9, బుధవారం. సాయంత్రం 6

లైను వీధి మూల తిరిగింది. నేను మధ్యలో ఎక్కడో ఉన్నాను. పక్క తలుపు తెరుచుకుంది. చెల్లి, సగం మేకప్‌తో తల బయటపెట్టి లైనంతా చివరిదాకా చూసింది. నా దగ్గరికొచ్చి, వీళ్ళంతా తక్కువకొస్తుందని వచ్చారా, నా కోసం వచ్చారా అంది.

తెలీదన్నాను. నిజంగానే తెలీదు.

సరే, షో అయ్యేసరికి, తొమ్మిదింటికల్లా తెలుస్తుంది అని లోపలికెళ్ళి తలుపేసుకుంది.