సంహిత చేసిన బేరం

తమ్ముడు విజయేందర్‌కు,

నా బడిపిల్లలు కుట్టిన గుడ్డసంచులను ఆబిడ్స్ ఆదివారం బజారులో నీ కూతురు సంహితతో కూడా అమ్మిస్తున్నానని కోపంగా ఉన్నావట. నిన్న ఏమైందో విను.

ఉస్మాన్‌గంజ్ వ్యాపారి ఒకాయన, కొన్న సంచి పట్టీ తెగిందని వచ్చి అరిచాడు. మిగతా పిల్లలు నా వెనక దాక్కున్నారు. నీ కూతురు మాత్రం స్టూలు జరిపి, “జర కూసోండ్రి అంకుల్, తప్పు మాదే. ఇప్పుడే కుట్టి ఇస్త,” అని ఆయన ముందే కుట్టింది.

ఆయన పట్టీని గట్టిగా లాగి చూశాడు. “మా దుకాణానికి గిట్లాంటివే కావాలె. గురువారానికి ఇస్తరా?”

నేను సరే అనబోయాను.

“పరీక్షలున్నయి అంకుల్. అయినంకనే కుడుతం. ఆగుతరా?” అంది సంహిత.

“ఆగుత బిడ్డా!”

పిల్లలందరూ ఈలలు వేశారు!

పరీక్షలయ్యాక దుకాణానికెళ్లి బేరం మాట్లాడేదీ తనే. నేను తోడు రానా అంటే, “డాడీ వస్తే మంచిగుంటది అత్తా,” అంది.

వస్తావు కదూ?

నీ అక్క