ఎయిర్‌పోర్టులో ఆగిన ఒడిబియ్యం

చొప్పదండిలో ఉన్న ప్రజ్ఞ వాళ్ల బాపుకు, ఈ దీవి ఎయిర్‌పోర్టులో కూర్చుని లీలాబాయి నమస్కారాలతో రాస్తున్నది. నేనూ అమ్మాయీ ఒంట్లో బాగానే ఉన్నాం. మీరు వేళకు తిని, బీపీ గోళీ మరవకుండా వేసుకుంటున్నారనుకుంటాను. మనసుల సంగతి కిందికి పోయిన కొద్దీ రాస్తాను, కోపమొచ్చినా చివరిదాకా చదవండి. ఫోన్‌లో ప్రజ్ఞ పేరెత్తగానే కట్ చేస్తారు కాబట్టి కాగితం పట్టుకోవాల్సి వచ్చింది. ఇక్కడి హోటల్‌లో వంట చేసే నస్పూర్ లక్ష్మీరాజం ఈ విమానానికే ఇంటికి వస్తున్నాడు, అతని చేతికిస్తున్నాను.

ముందు మీరు మెసేజ్‌లో అడిగినవాటికి జవాబు. మోకాలు నొప్పి ఉంది, కానీ ఇక్కడ ఎక్కడానికి మెట్లు లేవు. ఎయిర్‌పోర్టు మన మార్కెట్ యార్డు షెడ్డంత కూడా ఉండదు. పైన తాటాకు కప్పు, చుట్టూ గోడల్లేవు, విమానం దిగి నడుచుకుంటూ లోపలికి రావడమే. వచ్చేదంతా కొత్త జంటలు, లాగులేసుకున్న ముసలివాళ్లు. హోటల్ తరఫున వాళ్లందరి మెడలో గవ్వల దండ వేసి నవ్వుతూ పలకరించడం మన ప్రజ్ఞ ఉద్యోగం. నన్ను చూసినప్పుడు మాత్రం దండ దాని చేతిలోనే ఉండిపోయింది. ఇద్దరం ఏడ్చాం.

ఇక మీరు పంపిన పని. "గా పడవ నడిపెటోన్ని ఇడిసిపెట్టి ఒక్కతే వస్తనంటెనే తోల్కరా, లేకుంటె నాకు బిడ్డ లేదనుకుంట" అన్నారు కదా. మాటిచ్చాను కాబట్టి ఒక్క ముక్క తగ్గించకుండా మన ప్రజ్ఞకు చెప్పాను.

"బాపు మొండితనమే నాకు వచ్చిందవ్వా. నేను మార్సెల్‌ను ఇడువ, బాపునూ ఇడువ. గిప్పుడేం జెయ్యాలె, నువ్వే చెప్పు" అన్నది.

అప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు.

ప్రజ్ఞ పెళ్లాడిన ఆ మార్సెల్ ఎట్లా ఉన్నాడని మీరు అడగలేదు, అయినా రాస్తాను. ఎయిర్‌పోర్టు రేవు నుంచి హోటల్ దాకా పడవ నడుపుతాడు. మాట తక్కువ. నాకు నీళ్లంటే భయమని తెలిసి, నేనెక్కితే మెల్లగా నడుపుతాడు, వెనక టూరిస్టులు గొణిగినా వినడు. చెడ్డవాడని మీకు రాద్దామన్నా నాకేమీ దొరకలేదు.

ఇప్పుడు మీ దగ్గర దాచింది చెబుతాను. వచ్చిన రోజే ఎయిర్‌పోర్టులో నా సంచి ఆపారు. విప్పితే పసుపు కలిపిన బియ్యం. ఈ దీవికి బయటి విత్తనాలు రానివ్వరట. ఆఫీసరు వాటిని మందు పట్టించిన విత్తనాలనుకున్నాడు. నేను చెప్పేది అతనికి అర్థం కాక ప్రజ్ఞను పిలిచాడు. అది సంచిలోకి తొంగి చూసింది. బియ్యంలో ఎండుకొబ్బరి కుడుకలు, పసుపుకొమ్ములు, వక్కలు, పైన రవికె గుడ్డ.

"అవ్వా, గివి ఒడిబియ్యమే గదా? ఎవలకు?"

"ఇంకెవలకే, నీకే."

పెళ్లయిన బిడ్డకు తల్లిగారు ఒడిలో పోసే బియ్యమని అది అతనికి ఏడుస్తూనే చెప్పింది. అతను మెత్తబడ్డాడు కానీ వదల్లేదు. తిరిగి పోయేటప్పుడు ఇస్తామని సంచిని వాళ్ల గదిలో పెట్టుకున్నారు.

అవును, మీరు వడ్లు అమ్మడానికి మార్కెట్‌కు పోయిన పూట నేనే కొలిచి మూట కట్టాను. మీ ముందు తల ఊపి, మీ వెనక దాని పెళ్లిని ఒప్పుకుని బయలుదేరాను. మీకు చెప్పకుండా ఇంత పని నేనెప్పుడూ చేయలేదు.

ఈరోజు బయలుదేరడానికి వస్తే సంచి తిరిగిచ్చారు. విమానం ఎక్కేలోపు ఇక్కడే పోసేద్దామని ప్రజ్ఞను కుర్చీలో కూర్చోమన్నాను. అది నా రెండు చేతులూ పట్టుకుంది.

"వద్దవ్వా. ఒడిబియ్యం తల్లిగారింట్ల పోస్తరు, గీడ గాదు. నా పక్కన మార్సెల్ పీట మీద కూసోవాలె, బాపు ఎదురుంగ ఉండాలె. గట్లయితెనే పోయించుకుంట. ఎన్నేండ్లయినా ఆగుత."

నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది. మీరు దాన్ని లేదనుకున్నా, అది మిమ్మల్ని లేరనుకోలేదు.

అందుకే సంచిని మళ్లీ వాళ్ల గదిలోనే పెట్టించి, నా సీటు వదిలేశాను. మార్సెల్‌కు సెలవు దొరకగానే ముగ్గురం కలిసి వస్తాం. మన ఇంట్లో పీట వేయిస్తారో లేదో మీ ఇష్టం. మీరు కాదంటే తన ఇంట్లో వేస్తానని పక్కింటి కొమురవ్వ ఫోన్‌లో మాటిచ్చింది. అప్పుడు ఊరంతా చూస్తుంది. బెదిరించడానికి రాయడం లేదు. మీరు లేకుండా బతకడం నాకు తెలియదు. కానీ బిడ్డ లేదనుకోవడం నాకు చేతకాలేదు. వాకిట్లోకి వాళ్లకంటే ముందు నేనే వస్తాను. తలుపు వేయాలనుకుంటే ముందు నా ముఖం మీద వేయండి.

ఇట్లు,
ప్రజ్ఞ తల్లి, మీ లీలాబాయి