చెప్పని మందు

అక్కకు,

ఫోన్ తీస్తే నోరు రావడం లేదు. అందుకే ఇది రాసి, ఇవాళ ఊరికి వస్తున్న బాలమణి చేతికిస్తున్నాను.

పిల్లల కోసం రోజూ సూది వేయించుకుంటున్నానని నీకు తెలుసు. అత్తమ్మకు తెలియదు. లోపం ఆయనలో ఉన్నా ఈ వైద్యంలో సూదులు నాకే వేయాలట. ఈ సంగతి వాళ్లమ్మకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఇంట్లో ఫ్రిజ్ లేదు. సూది మందు నేను ఊడ్చే ఆఫీసు ఫ్రిజ్‌లో, అన్నం డబ్బాలో దాస్తున్నాను.

నాలుగో సూది తర్వాత కుడి కన్ను మసకబారింది. "ఏందమ్మా, అద్దం సగమే తుడిచినవ్? మిగిలింది రేపటికా?" అని సూపర్‌వైజర్ నవ్వాడు. నాకు అద్దమంతా ఒకేలా కనిపించింది.

కంటి దవాఖానకు అత్తమ్మే తీసుకుపోయింది. కంటి వెనక నరంలో రక్తం ఆగిందట. "ఈ వయసుల ఇట్ల కావద్దు. మందులేమన్న వాడుతున్నవా?" అని డాక్టరమ్మ అడిగింది. అత్తమ్మ పక్కనే ఉంది. "ఏం లేవు మేడమ్" అన్నాను.

"దానికి తలనొప్పి గోలీ మింగుడే రాదు" అని అత్తమ్మ కూడా చెప్పింది.

కారణం తెలియకపోతే చూపు పోవచ్చంది డాక్టరమ్మ. ఎల్లుండి శుక్రవారం మళ్లీ రమ్మంది. నువ్వు రా. అత్తమ్మను బయట కూర్చోబెట్టి, లోపల డాక్టరమ్మకు సూదుల సంగతి నువ్వే చెప్పు. నేను కాదన్నా నా మాట వినకు.

ఇవాళ్టి సూది వేయించుకున్నాకే ఇది రాస్తున్నాను. శుక్రవారానికి ఒక్క సూదే మిగులుతుంది.

నీ చెల్లెలు